ఈ ఏడాది నాకెలా ఉంటుంది అయ్యగారూ?

శ్రమదినాల కూడికల హడావుడిలో పడి మూడు వారాలుగా మీకేమీ రాయలేకపోయాను. క్షమించండి. ఇవాళ రాస్తున్నది ఒక ఫోనుతో మొదలైంది.

ఫిబ్రవరి మూడో వారంలో, రాత్రి పదిన్నరప్పుడు, సింగపూర్ నుంచి మా సంఘపు కుర్రాడు ఫోన్ చేశాడు. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అంటే వాడికి అప్పుడు ఒంటిగంట. షిప్‌యార్డులో వెల్డింగు పని చేస్తాడు. ఆ వేళప్పుడు విదేశం నుంచి ఫోనంటే ఏ పాస్టరుకైనా గుండె జారుతుంది. "ఏటి బాబూ, బాగున్నావా?" అన్నాను కంగారుగా.

"బాగానే ఉన్నానయ్యగారూ. చిన్న డౌటు. ఎర్ర బనీను వేసుకోవచ్చా? బైబిల్లో తప్పేమైనా ఉందా?"

నాకు నవ్వొచ్చింది. పక్కనే ఉన్న అమ్మగారు (మా ఆవిడ) కూడా నవ్వేసింది. వాడు మాత్రం నవ్వలేదు.

సంగతి ఏమిటంటే, ఫిబ్రవరి 17న చైనావాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. మనకి రాశులు పన్నెండు ఉన్నట్టే వాళ్లకి జంతువులు పన్నెండు: ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. మన రాశి మనం పుట్టినప్పుడు చంద్రుడు ఎక్కడున్నాడో దాన్నిబట్టి వస్తుంది, రెండు రోజుల పైచిలుకులో మారిపోతుంది. వాళ్లది పుట్టిన సంవత్సరాన్నిబట్టి. ఒక ఏడాదిలో పుట్టినవాళ్లందరూ గుర్రాలే, లేకపోతే అందరూ మేకలే. ఈ ఏడాది గుర్రానిది. పులి, కుక్క గుర్రానికి స్నేహితులు కాబట్టి వాళ్లకి ఈ ఏడాది మంచిదంటారు. మేకకీ కలిసొస్తుందట. ఎలుక గుర్రానికి ఎదురు నిలబడేది కాబట్టి దానికి చిక్కులు. మరి గుర్రం ఏడాదిలో గుర్రానికి ఇంకా బాగుండాలి కదా అనుకుంటాం. అక్కడే తిరకాసు. సొంత ఏడాది వస్తే మనిషికి కలిసిరాదని వాళ్ల నమ్మకం. పన్నెండేళ్లకోసారి వచ్చే ఆ ఏడాదంతా ఒంటిమీద ఎరుపు ఉండాలంటారు. ఎర్ర దారమో, ఎర్ర నడికట్టో, లోపల ఎర్ర బనీనో.

మా కుర్రాడు 1990 జూన్‌లో పుట్టాడు. గుర్రం. వాడి సూపర్‌వైజరు పెద్ద వయసు చైనా ఆయన, మంచివాడు. వీడికి జ్వరమొస్తే గంజి తెచ్చిచ్చిన మనిషి. ఆయనే లెక్కగట్టి చూసి, చేతికి ఎర్ర దారం ఇచ్చి, ఈ ఏడాది జాగ్రత్త నాయనా, బనీను కూడా ఎర్రది వేసుకో అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు అది విని, అయితే నీతో ఎత్తుమీద పనికి మేం రాం అని నవ్వారట. ఓడ లోపల ట్యాంకుల్లో, పరంజాల మీద చేసే పని అది. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది.

"నాకు భయం లేదయ్యగారూ," అన్నాడు చివరికి. "నాకేదైనా అయితే అయింది. ఎవరికైనా ఏదైనా అయితే, నా వల్లే అంటారు కదా. అదే."

ఆ మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. బనీను సంగతి రేపు మాట్లాడదాం అని, ప్రార్థన చేసి ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇదివరకు ఎక్కడా రాయలేదు.

నేను రోహిణి నక్షత్రంలో పుట్టాను. అప్పటికి మా ఇంట్లో ఎవరూ ప్రభువును ఎరుగరు. రోహిణిలో మగపిల్లాడు పుడితే మేనమామకి గండమంటారు మన వైపు. కృష్ణుడు రోహిణిలో పుట్టాడు, కంసుణ్ణి చంపాడు, అదీ లెక్క. అందుకని మా మామ నన్ను నేరుగా చూడలేదు. శాంతి చేయించిన రోజున ఇత్తడి పళ్లెంలో నూనె పోసి, అమ్మ నన్ను ఎత్తుకుని నిలబడితే, నూనెలో నా నీడ చూశాడట ముందు. ఆ తర్వాతే ముఖం. అమ్మ ఈ కథ నవ్వుతూ చెప్పేది. మా అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆవిడకి ఒక్కడే కొడుకు.

నాకు ఐదేళ్లప్పుడు మామ తాటి ముంజలు కొయ్యడానికి చెట్టెక్కి పడ్డాడు. నేను చెట్టు కిందే ఉన్నాను, ముంజల కోసం. కాలు రెండు చోట్ల విరిగింది. మంచం మీద మోసుకొచ్చారు. వాకిట్లో అందరూ మూగారు. మామ మూలుగుతున్నాడు. అప్పుడు మా అమ్మమ్మ తలెత్తి నావైపు చూసింది. ఏమీ అనలేదు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు ఆవిడ చూపు పట్టుకుని వాళ్లూ నావైపు చూశారు. ఎవరో మెల్లిగా, "రోహిణి గుంటడు కదేటి" అన్నారు.

నాకు నలభై ఐదేళ్లు దాటాయి. సెమినరీలో చదివాను, ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను. ఆ చూపు ఇంకా నా వీపు మీద ఉంది. నక్షత్రాలు అబద్ధమని నాకు ఎవరూ తర్కంతో నేర్పించనక్కర్లేకపోయింది. నిజమైతే నేను ఏం చెయ్యాలో తెలియక ఐదేళ్లవాడిగా పశువుల పాకలో దాక్కున్నాను. మామ కుదుటపడ్డాక ఒంటికాలితో కుంటుకుంటూ వచ్చి, పాకలోంచి నన్ను లాక్కెళ్లి, భుజానికెత్తుకుని వినాయకుడి గుడి దగ్గర తీర్థానికి తీసుకెళ్లాడు. ఆ కాలితో. ఆ ఊళ్లో వాళ్లందరి మధ్య నుంచి.

సరే, ఇక మనందరికీ తెలిసిన విషయానికొస్తాను. మొన్న మార్చి 19న ఉగాది. సంవత్సరం పేరు పరాభవ. పేరు వినగానే చాలామంది ముఖాలు మాడ్చుకున్నారు. బజారులో కిరాణా షాపాయన, "పేరే అలా ఏడిసింది పాస్టరు గారూ, ఇంక ఏడాదెలా ఉంటాది?" అన్నాడు. మన సంవత్సరాల పేర్లు అరవై, వరసగా తిరిగొస్తాయి. చైనావాళ్ల లెక్క కూడా అరవైకే తిరుగుతుంది. జంతువులు పన్నెండే అయినా, వాటికి అగ్ని, నీరు లాంటివి కలిపి అరవై చేస్తారు. అందువల్ల పోయినసారి పరాభవ వచ్చినప్పుడు, 1966లో, వాళ్లకి కూడా ఇదే గుర్రం వచ్చింది. అగ్ని గుర్రం.

1966లో మన విశాఖలో ఏం జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమం. అమృతరావు గారి నిరాహార దీక్ష. నవంబర్ 1న పోలీసు కాల్పులు. పరాభవమూ ఉంది అందులో, ప్రాణాలూ పోయాయి. చివరికి ఈ ప్రాంతానికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీకీ అక్కడే బీజం పడింది. మరి ఆ ఏడాది మంచిదా, చెడ్డదా? హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న వచ్చింది. మన చెరకు నేలకి పరుచుకుపోయింది, మా చర్చి రేకులు ఎగిరి పక్క పొలంలో పడ్డాయి. ఆ సంవత్సరం పేరేమిటో తెలుసా? జయ. నిజం చెప్పాలంటే పేరు కలిసిన ఏడాది కూడా ఉంది. కరోనా వచ్చిన 2020 శార్వరి. శార్వరి అంటే రాత్రి. అది చెప్పి నన్ను ఇరుకున పెట్టినవాళ్లూ ఉన్నారు. అరవై పేర్లలో ఒకటి తగిలితే అది గుర్తుంటుంది, తగలనివి మర్చిపోతాం అని జవాబిచ్చాను. ఆ జవాబు వాళ్లకి తృప్తినివ్వలేదు. చుట్టూ అన్ని చావులు చూసినవాడికి లెక్క చెబితే తృప్తి కలగదు కూడా.

పంచాంగంలో రాశికి నాలుగు అంకెలుంటాయి: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. గుడి మైకులో పంతులుగారు చదువుతుంటే మా చర్చి దాకా వినిపిస్తుంది, వద్దన్నా వింటాం. పోయిన విశ్వావసులో మేషానికి ఆదాయం 2, వ్యయం 14. వృశ్చికానికీ అంతే. రెండు రాశులకీ అధిపతి కుజుడే కాబట్టి రెండింటికీ ఒకే లెక్క వస్తుంది. దేశంలో కోట్లమందికి ఒకే ఆదాయం, ఒకే ఖర్చు. ఇక ఏలినాటి శని ఇప్పుడు కుంభానికీ మీనానికీ మేషానికీ నడుస్తోందంటారు. అంటే మన ఊళ్లో నలుగురిలో ఒకరికి. వినేవాళ్లకి ఇవన్నీ తెలియవని కాదు. చెరకు నరికించాలా, ఇంకో పది రోజులు ఆగాలా, పిల్లని ఇయ్యాలా, వద్దా, ఇలాంటివి మనిషి ఒంటరిగా తేల్చుకోలేడు. ఎవరో ఒకరు ముందే చూసి చెబితే బాగుండుననిపిస్తుంది. ఆ ఆశని నేను వెక్కిరించను. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయంలో, ఒక ఏడాది ఫలానా పట్టణంలో వ్యాపారం చేసి లాభం సంపాదిస్తామని ధీమాగా చెప్పుకునేవాళ్లని అపొస్తలుడు మందలిస్తాడు. మా వాళ్లలో ఆ ధీమా ఉన్నవాళ్లు తక్కువ. రేపటి గురించి భయమే ఎక్కువ.

నా బాధ ఆ భయం గురించి కాదు. చెడు జరిగిన తర్వాత ఏమవుతుందన్నది నా బాధ. అప్పుడు జాతకం ఒక మనిషిని వెతుకుతుంది.

జపానులో కూడా ఈ జంతువుల లెక్క ఉంది. అగ్ని గుర్రం ఏడాదిలో పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని అక్కడ ఒక నమ్మకం. 1906లో అలా పుట్టిన ఆడపిల్లలకి పెళ్లిళ్లు కావడమే కష్టమైంది. 1966లో ఆ ఏడాది మళ్లీ వచ్చేసరికి జపాను బుల్లెట్ రైళ్లు నడుపుతోంది, టీవీలు తయారుచేసి లోకమంతా అమ్ముతోంది. అయినా అంతకుముందు ఏడాది 18 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టిన దేశంలో ఆ ఏడాది 13 లక్షల 60 వేలమందే పుట్టారు. మరుసటి ఏడాది మళ్లీ 19 లక్షలు దాటారు. చదువుకున్న తల్లిదండ్రులు, ఆడపిల్ల పుడితే రేపు నిందలు పడుతుందని, పిల్లల్నే కనడం మానుకున్నారు. వాళ్లందరూ నమ్మారనుకోను నేను. పక్కింటివాళ్లు నమ్ముతారని భయపడ్డారు. మన దగ్గర మూలా నక్షత్రం పిల్ల మామగారికి గండమనీ, ఆశ్లేష పిల్ల అత్తగారికి గండమనీ సంబంధాలు తప్పిపోవడం మీరు చూడలేదా? క్రైస్తవుల ఇళ్లలో కూడా చూశాను నేను. పెళ్లి చర్చిలోనే, కార్డు మీద వాక్యమే, నక్షత్రం మాత్రం లోపల్లోపల అడుగుతారు.

ఇంతవరకూ చదివి "ఆమేన్" అనుకుంటున్నవాళ్లు కొంచెం ఆగండి. ఇప్పుడు రాసేది మన గురించి.

డిసెంబర్ 31 రాత్రి కూడికలో వాగ్దాన కార్డులు పంచుతాం కదా. మా సంఘంలో కూడా ఏళ్ల తరబడి పంచాను. అనకాపల్లిలో ప్రెస్సు నుంచి తెచ్చి, పళ్లెంలో బోర్లించి పెట్టి, పన్నెండు కొట్టాక ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని తీసుకోవడం. దేవుడు ఈ ఏడాది నాకిచ్చిన మాట ఇదీ అని ముద్దుపెట్టుకుని బైబిల్లో పెట్టుకోవడం. చదువురాని ముసలమ్మలు నా దగ్గరికి తెచ్చి, "ఈ ఏడాది నాకెలా ఉంటుంది అయ్యగారూ? ఏటని పడింది?" అని అడిగేవారు. పడింది అనే మాట చూడండి. పాచిక పడినట్టు.

2023 డిసెంబర్ 31 రాత్రి ఒక అక్కకి 118వ కీర్తనలోని మాట పడింది. చావను, బతికి దేవుని పనులు చాటుతాను అనే అర్థమున్న వాక్యం. ఆవిడ భర్తకి రెండు కిడ్నీలూ పాడై వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. బెల్లం వండడంలో ఆయనని మించినవాడు ఆ పక్క ఊళ్లలో లేడు. పాకం చూడగానే దింపే అదను చెప్పేవాడు. ఆ కార్డు చూసి నేను మైకు తీసుకున్నాను. అందరికీ గట్టిగా చదివాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. దేవుడు మాట్లాడాడు అన్నాను. ఆ అక్క ఏడ్చింది, సంతోషంతో. కార్డుని లామినేషన్ చేయించి మంచం తలాపున కట్టింది.

ఆగస్టులో ఆయన ప్రభువునందు నిద్రించాడు.

ఆదరణ కూడిక నేనే చేశాను. బాగానే చెప్పాననుకున్నాను. కార్డు ఊసెత్తలేదు. ఎవరికీ గుర్తులేదులే అనుకున్నాను. కానీ కూడిక అయ్యాక, భోజనాల దగ్గర, సంఘంలో ఒక పెద్దమనిషి ఆవిడతో, "అమ్మా, దేవుడు మాటైతే ఇచ్చాడు. నువ్వే గట్టిగా పట్టుకోలేదేమో" అన్నాడట. ఆదరణగానే అన్నాననుకున్నాడు ఆయన.

మూడు నెలల తర్వాత, ఒక మంగళవారం సాయంకాలం, ఆవిడ మా ఇంటికొచ్చింది. అమ్మగారు టీ ఇస్తే తాగలేదు. కొంగులోంచి ఆ కార్డు తీసి బల్లమీద పెట్టింది. మూలలు నలిగిపోయి ఉన్నాయి.

"అయ్యగారూ, కార్డు తప్పా? నేను తప్పా? ఏదో ఒకటి చెప్పండి. నాకు నిద్ర పట్టట్లేదు. నా వల్లే పోయాడంటారా?"

ఆ వాకిట్లో మా అమ్మమ్మ తలెత్తి చూసిన చూపు నాకు గుర్తొచ్చింది. ఈసారి చూస్తున్నది అమ్మమ్మ కాదు, మేమే. పళ్లెం పట్టుకుని నిలబడ్డది నేను. మైకులో చదివింది నేను. మా అమ్మమ్మకి వాక్యం తెలియదు. నాకు తెలుసు.

తప్పు నాదమ్మా అన్నాను. ఇంకేమీ దొరకలేదు నాకు. కార్డు వాక్యమే, కానీ అది ఎవరో భక్తుడు తన శ్రమలో పాడుకున్న కీర్తన, మీ ఆయన ఆయుష్షు లెక్క కాదు, అలా చెప్పకుండా చప్పట్లు కొట్టించింది నేను, అన్నాను. ఆవిడ చాలాసేపు కూర్చుంది. వెళ్లేటప్పుడు, "దీన్ని మీ కాడే ఉంచండి" అని కార్డు వదిలి వెళ్లిపోయింది. నా బైబిల్లో యోహాను తొమ్మిదో అధ్యాయం దగ్గర ఉంది అది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, ఇతను ఇలా పుట్టడానికి పాపం ఎవరిది, ఇతనిదా, కన్నవాళ్లదా అని అడిగిన చోట. ప్రభువు ఇద్దర్నీ విడిచిపెట్టాడు. తర్వాత వంగి బురద కలిపాడు.

ఆ తర్వాత నేను కార్డుల గురించి కొంచెం ఆలోచించాను. పంచాంగంలో వ్యయం ఉంటుంది, అవమానం ఉంటుంది. మన వాగ్దాన కార్డుల్లో ఆదాయం, రాజపూజ్యం రెండే గళ్లు. లోకంలో మీకు శ్రమ కలుగుతుందని ప్రభువు స్వయంగా చెప్పిన మాట ఉంది. అది వేసిన కార్డు నేను ఇంతవరకు చూడలేదు. ఆ లెక్కన పంతులుగారే నయం అని మా ఆవిడతో అంటే, ఈ మాట ప్రసంగంలో అనకండి అంది. ప్రసంగంలో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

వాక్యం చీటీ తీసుకోవడమే పాపమని నేను అనడం లేదు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సహోదరులు 1731 నుంచి ఏటేటా రోజుకొక వాక్యం చీటీ వేసి తీసి పుస్తకంగా అచ్చువేస్తున్నారు. ఈరోజుకీ వస్తోంది. సెమినరీలో మా చరిత్ర మాస్టారు చూపించారు. కానీ అక్కడ ఒకరోజు అందరిదీ ఒకే వాక్యం. ఆసుపత్రిలో ఉన్నవాడిదీ, పెళ్లికొడుకుదీ అదే. ఎవరికి ఏం పడిందని పోల్చుకునే పని లేదు.

పోయిన ఏడాది బైబిలు స్టడీలో ఇవన్నీ చెబుతుంటే కాలేజీ చదివే అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, "మరి యోనా సంగతేంటి పాస్టరు గారూ? తుపానొస్తే చీట్లు వేశారు, ఎవరి వల్లో తేలిపోయింది కదా, కరెక్టుగా పడింది కదా" అంది. మంచి ప్రశ్న. నాకు నున్నటి జవాబు లేదు. ఆ చీటీ నిజంగానే యోనా మీద పడింది. కానీ ఆ రాత్రి మళ్లీ ఆ అధ్యాయం చదివితే ఒక సంగతి నా కళ్లబడింది. ఇరవై ఏళ్లుగా చదివి దాటేసిన వచనం, పదమూడోది. చీటీ పడ్డాక, యోనా తన నోటితో తానే ఒప్పుకుని నన్ను పడెయ్యండి అన్నాక కూడా, ఆ ఓడవాళ్లు వెంటనే అతన్ని పడెయ్యలేదు. దరి చేర్చాలని తెడ్లు వేశారు. దేవుణ్ణి ఎరుగని నావికులు, ఎవరి వల్లో ఖాయంగా తెలిసిన తర్వాత కూడా, ఆ మనిషి కోసం కష్టపడి తెడ్లు వేశారు. మేము మా అక్క కోసం ఆ పని చెయ్యలేదు. భోజనాల దగ్గరే పడేశాం.

మొన్న డిసెంబర్ 31 రాత్రి పళ్లెం పెట్టలేదు. అంతకుముందు ఏడాది మానేద్దామనుకుని ధైర్యం చాలక పంచాను. అది కూడా ఒప్పుకోవాలి. ఈసారి అందరం ఒకే కీర్తన, 90వది, నిలబడి కలిసి చదువుకున్నాం. ఖాళీ చీటీల మీద సంఘంలోని కుటుంబాల పేర్లు రాసి, ఏడాది పొడుగునా నెలకోసారి ఆ ఇంటికి వెళ్లి రావాలని ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ ఇచ్చాం. గొప్పగా జరిగిందని రాయాలని ఉంది. జరగలేదు. సగంమంది వెళ్లడం లేదు. జనవరి 1న పొద్దున్నే నాలుగు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లి కార్డులు తెచ్చుకున్నాయి. వాళ్లలో ఒక ముసలమ్మ కార్డు నా దగ్గరికే తెచ్చి చదివించుకుంది. చదివాను. కోప్పడలేకపోయాను. ఆ అక్కకి వచ్చిన చీటీలో ఎవరి పేరుందో తెలుసా? భోజనాల దగ్గర ఆ మాట అన్న పెద్దమనిషి ఇల్లు. నేను కావాలని చేసింది కాదు. ఇది చూసి మళ్లీ దేవుడు మాట్లాడాడు అని మైకు తీసుకోబోయి, ఆగాను. ఆవిడ వెళ్తోంది. ప్రతి నెలా. ఏం మాట్లాడుకుంటారో నేను అడగలేదు.

సింగపూర్ కుర్రాడికి మర్నాడు ఫోన్ చేశాను. ఎర్ర బనీను తప్పు కాదు, నీలం బనీనూ తప్పు కాదు అన్నాను. మీ సూపర్‌వైజరు గారిచ్చిన దారం విసిరికొట్టకు, నామీద మీకున్న ప్రేమకి థాంక్సండీ, కానీ నా ఏడాది దేవుడి చేతిలో ఉంది అని నెమ్మదిగా చెప్పి తిరిగిచ్చెయ్ అన్నాను. హెల్మెట్టు, నడుముకి బెల్టు మాత్రం ఒక్కరోజు కూడా మానకు, పక్కవాడి బెల్టు కూడా నువ్వే చూడు అన్నాను. "ఒకవేళ ఎవరికైనా దెబ్బ తగిలితే?" అన్నాడు. "తగిలితే దాక్కోకు. అందరికంటే ముందు నువ్వే ఆడి దగ్గరకెళ్లు" అన్నాను. ఎందుకలా అన్నానో వాడికి తెలియదు. పశువుల పాక సంగతి వాడికి చెప్పలేదు.

ఉగాది రోజు మధ్యాహ్నం మామని చూడ్డానికి వెళ్లాను. ఎనభై దాటాయి. ఆ కాలు ఇప్పుడు బొత్తిగా వంగదు. ప్రభువును నమ్ముకోలేదింకా. అడిగినప్పుడల్లా, చూద్దాంలేరా అంటాడు. అత్త ఉగాది పచ్చడి గిన్నెలో పెట్టిచ్చింది. మామ మంచం మీద కూర్చుని, దిండు కింద నుంచి పేపరు తీసి నా చేతిలో పెట్టాడు.

"కళ్లు కనపడ్డం లేదురా మేనల్లుడా. నా రాశి ఏటో చూసి చదువు."

నేను పాస్టర్ని మామా అన్నాను.

"అయితే? చదువొచ్చు కదా?"

చదివాను. ఇది మీలో కొందరికి నచ్చకపోవచ్చు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం, కింద నాలుగు లైన్లు, ఆరోగ్యం జాగ్రత్త, బంధువుల వల్ల ఇబ్బందులు. ఆ మాట దగ్గర నా గొంతు కాస్త తగ్గింది. మామ విన్నాడు.

"బంధువులంటే నువ్వేరా," అన్నాడు. పళ్లు లేని నోటితో పెద్దగా నవ్వి, మంచం దిగడానికి భుజం ఇమ్మని చెయ్యి చాచాడు.